కారు అద్దాలకు ఫిల్మ్: షాపు చెప్పే శాతం వేరు, రూలు అడిగే శాతం వేరు

కార్ డెకార్స్ షాపు ముందు బండి ఆపగానే ఒక కుర్రాడు ఫిల్మ్ ముక్కల గుత్తి పట్టుకుని వస్తాడు. తాళంచెవుల్లా రింగుకు గుచ్చిన ఆ ముక్కల మీద 70, 50, 35, 20 అని అంకెలు ఉంటాయి. ఒక ముక్కను ఎండకు అడ్డంగా పట్టి చూపించి, "సైడ్ అద్దాలకు 50 వేద్దాం సార్, లీగలే, పోలీసులు ఏమీ అనరు" అంటాడు. ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. 50 అని రాసి ఉన్న ఫిల్మ్ వేస్తే అద్దం 50 దగ్గర ఆగదు. ఇక పోలీసులు ఏమీ అనరన్న హామీ ఇవ్వడం ఆ కుర్రాడి చేతిలో లేదు, షాపు ఓనరు చేతిలోనూ లేదు.

ముందు రూలు సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 100వ నిబంధన అద్దాల గురించి చెబుతుంది. ముందు అద్దం, వెనక అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి. పక్క అద్దాలకు కనీసం 50 శాతం చాలు. ఇలా అద్దం గుండా వచ్చే వెలుతురు శాతాన్నే వీఎల్‌టీ అంటారు. అంకె పెరిగేకొద్దీ అద్దం తెల్లగా ఉన్నట్టు, తగ్గేకొద్దీ నల్లబడినట్టు. "50 శాతం నలుపు" అనుకుని కొనేవాళ్లు కొందరున్నారు. 50 దగ్గర ఆ లెక్క కుదిరినట్టే అనిపిస్తుంది కానీ, 20 అడిగి తేలిక రంగు వస్తుందనుకుంటే మాత్రం బండి లోపల చీకటే మిగులుతుంది.

చాలామంది గమనించనిది వెనక అద్దం. వెనక సీటు పక్కనుండే అద్దాలు, డిక్కీ మీదుండే అద్దం అన్నీ ఒకే రకం అనుకుని ఒకే రోల్ నుంచి కోసి వేయించేస్తారు. రూలు ప్రకారం డిక్కీ అద్దం ముందు అద్దంతో సమానం, అంటే 70. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వెనక అద్దానికి సడలింపు ఉంటుంది కాబట్టి, అక్కడి వీడియోలు చూసి వెనకంతా నల్లగా వేయించుకుందామనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు లెక్క. ఫిల్మ్ వేయకముందు కూడా కారు అద్దం నూటికి నూరు శాతం వెలుతురును రానివ్వదు. మన కార్లకు వచ్చే లేత ఆకుపచ్చ అద్దాలు సాధారణంగా 70 నుంచి 80 మధ్య ఉంటాయి. ఫిల్మ్ అంటించాక రెండు శాతాలనూ గుణించాలి. వెలుతురు శాతాన్ని కొలిచే మీటరు పెట్టి చూస్తే ఒక పక్క అద్దం 78 చూపించిందనుకుందాం. దానికి "50" ఫిల్మ్ వేస్తే 78లో సగం, అంటే 39. రూలు దాటినట్టే. "70" ఫిల్మ్ వేస్తే 54.6 వస్తుంది. రూలు లోపలే. అదే అద్దం 72 అయితే, 70 ఫిల్మ్ వేశాక మిగిలేది 50.4. కాగితం మీద ఇదీ పాసే. కానీ అద్దం మీద నాలుగు రోజుల దుమ్ము, మీటరులో ఒక పాయింటు తేడా చాలు, 49 చూపించడానికి.

ముందు అద్దం దగ్గర ఈ లెక్క ఇంకా ఇరుకు. అద్దం ఒక్కటే 76 ఉంటే, 70 తగ్గకుండా ఉండాలంటే ఫిల్మ్ 92 శాతం కన్నా కాస్త ఎక్కువే వెలుతురును వదలాలి. అంత తెల్లటి ఫిల్ములు దొరకడమే అరుదు. ముందు అద్దానికి "70 ఫిల్మ్ లీగల్" అని అమ్మడం ఎంత తప్పో ఇక్కడ తేలిపోతుంది. 76 అద్దం మీద 70 ఫిల్మ్ వేస్తే 53. పక్క అద్దానికైతే సరిపోతుంది, ముందు అద్దానికి కుదరదు. నిజానికి చాలా కార్లలో ముందు, వెనక అద్దాల మీద ఫిల్ముకు చోటే లేదు.

అద్దం శాతం తెలుసుకోవడానికి మీటరు కంటే ముందు చూడాల్సిన చిన్న గుర్తు ఒకటి ఉంది. ఏ అద్దమైనా కింది మూలలో, తెల్లటి అక్షరాలతో చెక్కినట్టుగా ఒక ముద్ర ఉంటుంది. తయారీదారు పేరు, భారతీయ ప్రమాణమైతే ఐఎస్‌ఐ గుర్తు, యూరప్ ప్రమాణమైతే వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, దాని పక్కన 43R అని ఉంటాయి. ముద్ర మీద లామినేటెడ్ (రెండు పలకలు అతికించినది) అనో టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన ఒకే పలక) అనో కూడా రాసి ఉండొచ్చు. యూరప్ ముద్రలో అదనంగా V అక్షరం కనిపిస్తే ఆ అద్దం ఫ్యాక్టరీ నుంచే 70 శాతం కన్నా తక్కువ వెలుతురు వదిలేదని అర్థం. అలాంటి పక్క అద్దం మీద 70 ఫిల్మ్ వేసినా 50 దాటదు. షాపులో ఎవరూ వంగి ఈ మూల చూడరు. కారు యజమానే చూసుకోవాలి.

శాతాల లెక్క ఇంతే. మరి 50 దాటేలా, 70 దాటేలా చూసుకుంటే గొడవ లేనట్టేనా? ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు శాతాల దగ్గరే ఆగలేదు. ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, జస్టిస్ ఎ.కె. పట్నాయక్, జస్టిస్ స్వతంతర్ కుమార్‌ల ధర్మాసనం అది. వాళ్లు 100వ నిబంధనను ఇలా చదివారు: రూలు చెప్పేది అద్దం గురించి. కంపెనీ అద్దాన్నే 70, 50 ఉండేలా తయారు చేసుకోవచ్చు. ఆ అద్దం మీద తర్వాత ఏదో ఒకటి అంటించుకోవచ్చని రూలులో ఎక్కడా లేదు. కాబట్టి వీఎల్‌టీ ఎంతున్నా బ్లాక్ ఫిల్మ్ గానీ మరే ఇతర పదార్థం గానీ అంటించకూడదు. ఈ ఆదేశం 2012 మే 4 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. మినహాయింపు జడ్, జడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రమే, అదీ షరతులతో. నల్ల అద్దాల చాటున జరిగే నేరాల ఆందోళన ఆ పిటిషన్‌కు మూలం. ఫిల్మ్ తయారీదార్లు, అమ్మేవాళ్లు మళ్లీ కోర్టుకు వెళ్లినా, అదే ఏడాది ఆగస్టులో కోర్టు వెనక్కి తగ్గలేదు.

అందుకే ఆ తర్వాత ఏళ్ల తరబడి రోడ్డు మీద మీటరు అవసరమే రాలేదు. ఎస్సై గారు గోరుతో అద్దం లోపలి అంచు గీకి చూస్తే చాలు. పొర లేచిందంటే కేసు, అక్కడికక్కడే ఫిల్మ్ పీకేయడం. 2022 మార్చిలో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు జూబ్లీహిల్స్ వైపు పెట్టిన స్పెషల్ డ్రైవ్‌లో సినిమావాళ్ల కార్లనూ ఆపి నల్ల ఫిల్ములు తీయించారు. టీవీల్లో ఆ దృశ్యాలు వచ్చిన వారం పది రోజులు డెకార్స్ షాపులకు ఫిల్మ్ వేయించుకునేవాళ్ల కన్నా తీయించుకునేవాళ్లు ఎక్కువ వచ్చి ఉంటారు.

ఈలోగా రూలే మారింది. 2020లో కేంద్రం చేసిన సవరణ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. "సేఫ్టీ గ్లాస్" అన్న మాట పక్కన "సేఫ్టీ గ్లేజింగ్" అన్న మాట చేరింది. దానికి ఆధారం 2019లో సవరించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగం. ఆ ప్రమాణంలో లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా ఒక రకం. మామూలు మాటల్లో, ఫిల్మ్ ఉన్న అద్దానికి రూలు పుస్తకంలో తొలిసారి చోటు దొరికింది. ముందు, వెనక 70, పక్కల 50 అన్న అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి.

మరి ఆ పొరను కారు తయారుచేసిన కంపెనీయే వేయాలా, కొన్నాక యజమాని వేయించుకున్నా సరేనా? కేరళలో ఇదే కోర్టుకెక్కింది. ఒక ఫిల్మ్ తయారీ సంస్థ, జరిమానా పడిన కారు యజమాని, ఫిల్ములు అమ్మే దుకాణం కేరళ హైకోర్టును ఆశ్రయించారు. 2024 సెప్టెంబరులో జస్టిస్ ఎన్. నగరేష్ తీర్పు ఇచ్చారు. సవరించిన 100వ నిబంధనకు లోబడి, శాతాలు తగ్గకుండా ఉన్న ఫిల్మ్ వేసుకుంటే అధికారులు అడ్డుకోకూడదు, జరిమానా వేయకూడదు అన్నారు. సుప్రీంకోర్టు తీర్పు పాత రూలు మీద వచ్చింది, ఇప్పుడున్నది కొత్త రూలు అన్నది ఆ వాదనకు కీలకం. రూలులో అద్దాన్ని ఆ స్థితిలో "ఉంచాలి" అన్న బాధ్యత యజమానిదే కాబట్టి, ఫిల్మ్ వేసే వీలు తయారీదారుకు మాత్రమే ఉందన్న వాదన నిలవలేదు.

ఆ తీర్పు వార్త వాట్సాప్‌లో "బ్లాక్ ఫిల్మ్ ఇక లీగల్" అని తిరిగింది. అది తప్పుడు చదువు. మొదటిది, బ్లాక్ ఫిల్మ్ అని జనం పిలిచే 20, 35 రకాలు కొత్త రూలులోనూ పాస్ కావు. రెండోది, కేరళ హైకోర్టు తీర్పు కేరళ అధికారులను కట్టేస్తుంది. తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో చెకింగ్‌లో ఉన్న పోలీసును అది నేరుగా కట్టేయదు. ఇక్కడి కోర్టులో వాదించడానికి పనికొస్తుంది, బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఆపినప్పుడు ఫోన్‌లో చూపించడానికి అంతగా పనికిరాదు. సుప్రీంకోర్టు తన 2012 మాటను తానుగా రద్దు చేయనంతవరకు "ఫిల్మ్ ఉంటే చలానా" అన్న పాత అలవాటుకు ఆధారం మిగిలే ఉంటుంది.

కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఇవాళ్టి పరిస్థితిని మూడు మెట్లుగా చూడొచ్చు. ఫిల్మ్ లేని ఫ్యాక్టరీ అద్దం పూర్తిగా నిశ్చింత. పక్క అద్దాలకు మాత్రమే, మీటరు మీద 50 కన్నా బాగా ఎక్కువ చూపించే తేలికపాటి ఫిల్మ్ కొత్త రూలు ప్రకారం సమర్థించుకోదగినదే, కానీ ఎప్పుడైనా ఎవరైనా ఆపి ప్రశ్నించవచ్చు. అంతకన్నా నల్లగా ఉన్నది ఏ లెక్కన చూసినా తప్పే. మధ్య మెట్టు మీద నిలబడాలా వద్దా అన్నది ఎవరి ఓపికను బట్టి వాళ్లు తేల్చుకోవాలి. రోజూ ఆఫీసుకెళ్లే దారిలో చెకింగ్ టెన్షన్ పడటం ఇష్టం లేనివాళ్లకు మొదటి మెట్టే మేలు.

జరిమానా పెద్ద మొత్తమేం కాదు. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత మొదటిసారి 500 రూపాయలు, మళ్లీ దొరికితే 1,500. అసలు నష్టం ఫిల్ముది. వేలు పోసి వేయించిన ఫిల్మును నడిరోడ్డు మీద రెండు నిమిషాల్లో లాగి పారేస్తే, దాని ముందు చలానా డబ్బు లెక్కలోకే రాదు.

ఇంతకీ ఫిల్మ్ ఎందుకు? నూటికి తొంభై మంది చెప్పే కారణం ఎండ. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో మధ్యాహ్నం కారు తలుపు తీసినవాళ్లకు ఆ బాధ వివరించక్కర్లేదు. కానీ నలుపుకూ చల్లదనానికీ ఉన్న సంబంధం జనం అనుకునేంత లేదు. నేలకు చేరే సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలు. నలభై శాతం పైచిలుకు కంటికి కనిపించే వెలుతురు. మిగిలిన కొద్దిపాటి శాతం అతినీలలోహితం. చవక రకం రంగు ఫిల్మ్ కనిపించే వెలుతురును ఆపి కళ్లకు హాయినిస్తుంది, కానీ పరారుణ వేడిలో పెద్ద భాగాన్ని వదిలేస్తుంది. పైగా ఆపిన వెలుతురును తనే పీల్చుకుని అద్దాన్ని వేడెక్కిస్తుంది. రెండు మూడు వేసవులకు అదే ఫిల్మ్ ఊదా రంగులోకి తిరిగి, బుడగలు లేస్తుంది. ఊళ్లలో పాత టాక్సీల వెనక అద్దాలు చూస్తే ఈ రంగు గుర్తుపట్టొచ్చు. సెరామిక్ ఫిల్ములు దీనికి తిరగబడ్డ రకం. వెలుతురును చాలావరకు రానిచ్చి, పరారుణాన్ని ఆపుతాయి. రూలుకు లోబడి ఉండాలనుకునేవాళ్లకు పనికొచ్చేవి ఇవే, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

అయితే సెరామిక్ పేరుతో అమ్మేచోట "97 శాతం హీట్ రిజెక్షన్" అన్న బోర్డు కనిపిస్తే కాస్త ఆగి లెక్కవేయాలి. కనిపించే వెలుతురులోని శక్తి మొత్తం శక్తిలో నూటికి 43 వంతులనుకుందాం. 70 ఫిల్మ్ అందులో 70 శాతాన్ని లోపలికి వదలాల్సిందే, అంటే 30 వంతులు. మిగతాదంతా ఒక్క చుక్క వదలకుండా ఆపినా ఆగేది 70 వంతులే. 97 ఎక్కడిది? అది పరారుణంలో ఏదో ఒక తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచిన అంకె. అడగాల్సింది మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందన్నది. బ్రోచర్లలో దాన్ని టీఎస్ఈఆర్ అని రాస్తారు. షాపులో ఆ మాట అనగానే కొందరు సేల్స్‌మెన్ మాట మారుస్తారు, అదే ఒక పరీక్ష.

ముందు అద్దానికి "యూవీ నుంచి రక్షణ" అని చెప్పి అమ్మడం మరో తమాషా. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దం. ఆ మధ్య పొరే అతినీలలోహితాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఉన్నదాన్నే మళ్లీ డబ్బిచ్చి కొన్నట్టు. సాధారణంగా టెంపర్డ్‌గా ఉండే పక్క అద్దాలకైతే ఆ వాదనలో కొంత నిజముంది.

లోహపు పొర ఉండే ఫిల్ములు వేడిని బాగా తిప్పికొడతాయి, కానీ ముందు అద్దానికి ఫాస్టాగ్ ఉంటుందని మర్చిపోకూడదు. టోల్ గేటు దగ్గర రేడియో తరంగాలతో ట్యాగును చదువుతారు. ఆ తరంగాలకు లోహపు పొర అడ్డుపడుతుంది. జీపీఎస్, ఫోన్ సిగ్నల్ కూడా మందగించొచ్చు. పంతంగి టోల్ దగ్గర సంక్రాంతి రద్దీలో వెనక వంద కార్లు హారన్ కొడుతుంటే ట్యాగు చదవకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఫిల్మ్ జోలికి పోకుండా వేడి తగ్గించుకునే దారులూ ఉన్నాయి. కొన్ని కార్లకు కంపెనీయే పరారుణాన్ని తగ్గించే అద్దాలు ఇస్తుంది. కొత్త కారు కొనేటప్పుడు ఏ వేరియంట్‌కు అలాంటి అద్దాలున్నాయో అడగడం మంచిది. పార్కింగ్‌లో డ్యాష్‌బోర్డు మీద పెట్టే వెండిరంగు షేడ్‌కు ఏ రూలూ అడ్డు రాదు, బండి కదిలే ముందు తీసేయాలంతే. కర్టెన్లు, జాలీ షేడ్లతో బండి నడిపితే మాత్రం ఫిల్ముతో వచ్చే తలనొప్పే. 2021 జనవరిలో కేరళ రవాణా శాఖ "ఆపరేషన్ స్క్రీన్" పేరుతో చేసిన తనిఖీల్లో ఫిల్ములతో పాటు కర్టెన్లనూ పట్టుకుంది. అద్దం మీద అంటించలేదు, వేలాడదీశాం అన్న తర్కం రోడ్డు మీద నిలవడం కష్టం.

రాత్రి సంగతి కూడా ఒక్కమాట. పగలు హాయిగా అనిపించిన పక్క అద్దం, వానాకాలంలో దీపాల్లేని రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు వేరుగా కనిపిస్తుంది. నల్ల చొక్కా వేసుకుని సైకిల్ మీద వచ్చే మనిషి కనిపించాల్సింది ఆ అద్దంలోంచే, పక్క మిర్రర్ చూడాల్సిందీ ఆ అద్దం గుండానే. 50 అన్న అంకె ఊరికే పెట్టింది కాదని అప్పుడు తెలుస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు లెక్కలు వేరు, అక్కడా ఊరు మారితే మారతాయి. టెక్సస్‌లో డ్రైవరు పక్క అద్దానికి 25 శాతం చాలు, ముందు అద్దానికి పైభాగంలో పట్టీలా మాత్రమే వేసుకోవచ్చు. కాలిఫోర్నియాలో ముందు సీట్ల పక్క అద్దాలకు 70 కావాలి. న్యూజెర్సీలో ముందు పక్క అద్దాలకు కొన్నాక ఫిల్మ్ వేయడమే కుదరదు, వైద్య కారణాలతో అనుమతి తెచ్చుకుంటే తప్ప. డాలస్‌లో ఫిల్మ్ వేయించుకుని, ఉద్యోగం మారి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్లినవాళ్లు అదే కారుతో ఇబ్బంది పడేది ఇందుకే. బ్రిటన్‌లో 1985 ఏప్రిల్ తర్వాతి కార్లకు ముందు అద్దం 75, ముందు పక్క అద్దాలు 70. యూఏఈలో పక్క, వెనక అద్దాలకు 50 వరకు సరే, ముందు అద్దానికి వేయకూడదు.

మళ్లీ షాపు దగ్గరికి వద్దాం. ఫిల్మ్ వేయించుకోవాలనే నిర్ణయించుకుంటే, ముక్కల గుత్తి చూడకముందే మీటరు అడగాలి. సగం దించిన అద్దానికి రెండువైపులా పట్టించే చిన్న పరికరం అది. ముందు ఉత్త అద్దాన్ని కొలవాలి. తర్వాత అద్దం మీద ఫిల్మ్ ముక్కను తడిపి అతికించి, అదే చోట మళ్లీ కొలవాలి. పక్క అద్దానికి 55 దాటితే శాతం లెక్కలో నిశ్చింతగా ఉండొచ్చు, 51 దగ్గర ఆగితే వేరే ఫిల్మ్ చూడటం నయం. బిల్లు మీద కంపెనీ పేరు, మోడల్, వీఎల్‌టీ శాతం రాయించుకోవాలి. "మీటర్ లేదు సార్, మా మీద నమ్మకం ఉంచండి" అనే షాపుకు దండం పెట్టి పక్క షాపుకు వెళ్లడమే.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఈ పని తలకిందులుగా మొదలవుతుంది. పాత యజమాని వేయించిన ఫిల్ముకు చలానా వచ్చేది కొత్త యజమానికే. కొనేరోజే అద్దం దించి, పై అంచు లోపలివైపు వేలు పోనిచ్చి చూసుకోవాలి. పొర తగిలితే తీయించాలి. ఆ తీయించేటప్పుడు డిక్కీ అద్దాన్ని మాత్రం బ్లేడుతో గీకనివ్వకూడదు. ఆవిరి పట్టించి, మూల నుంచి నెమ్మదిగా లాగమనాలి. అద్దం లోపల అడ్డంగా కనిపించే సన్నటి గీతలు డీఫాగర్ తీగలు, అంటే వేడితో అద్దం మీది మసకను పోగొట్టేవి. ఒక్కటి తెగినా వానాకాలంలో ఆ వరస పొడవునా మంచు పట్టిన అద్దమే కనిపిస్తుంది.